కన్నం లేని మూగగొట్టం

సైలెన్సర్ల మేస్త్రికి ఎడమ చెవి వినపడదు. ఈ సంగతి ఊళ్ళో కారున్న ప్రతివాడికీ తెలుసు. చెప్పింది అతని బావ, అంటే చెల్లెలి మొగుడు. చెప్పి ఊరుకున్నాడా అంటే అదీ లేదు, "ఒంటిచెవి మేస్త్రి" అని పేరు కూడా పెట్టి పుణ్యం కట్టుకున్నాడు. పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు కొత్తగా షెడ్డు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు సందు మొదట్లో టైర్ల కొట్టువాణ్ణి అడిగేదీ ఆ పేరుతోనే, వాడు చెయ్యి చూపించేదీ ఆ పేరుకే. మేస్త్రి తన కుడి చెవితో అది విని, పళ్ళు నూరుకుని, "రండి" అంటాడు.

షెడ్డు ఆ సందు చివర. రేకుల కప్పు, కారు కిందికి దిగడానికి మధ్యలో గొయ్యి, గోడ పొడుగునా నిలబెట్టిన గొట్టాలు, వాటిని వంచే మిషను, మూల వెల్డింగు సామాను. అక్కడి ఇనుప దుమ్ము ఎంత ఊడ్చినా పోదు. మేస్త్రి ఇంటికెళ్ళి మొహం తుడుచుకుంటే తువ్వాలు తుప్పు రంగుకి తిరుగుతుంది, ఆ తువ్వాలు గురించి భార్య రోజూ ఏదో ఒకటి అంటుంది, మేస్త్రి రోజూ ఎడమ చెవి అటు తిప్పుతాడు. ఆ చెవి వల్ల ఉన్న లాభం అదొక్కటే.

అతని పని కార్ల పొగగొట్టాలు. కంపెనీ పెట్టిన సైలెన్సర్ తీసేసి ఇంకోటి వెయ్యమని వచ్చే స్పోర్ట్స్ కార్ల వాళ్ళంటే అతనికి ప్రాణం, వాళ్ళంటేనే చిరాకు కూడా. అందరికీ ఒకటే కోరిక, కారు గర్జించాలి. ఎలా గర్జించాలో మాత్రం ఎవడికీ తెలియదు. లోపల గదులున్న సైలెన్సర్లు కొన్ని ఉంటాయి. పొగ ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరిగి తిరిగి అలిసిపోయి బయటికొస్తుంది, చప్పుడు తగ్గుతుంది, కారు కూడా కాస్త నీరసిస్తుంది. తిన్నగా పోయే గొట్టం చుట్టూ గాజునూలు కూరినవి ఇంకొన్ని. వాటితో కారుకి ఊపిరి బాగా ఆడుతుంది, అరుపు మాత్రం వీధి చివరిదాకా పోతుంది. ఈ రెండింటి మధ్య మనిషికి తగ్గది ఎంచిపెట్టడమే మేస్త్రి విద్య.

ఏది ఎంచినా ఒక దొంగ మాత్రం దాక్కుని ఉంటాడు. కారు పెద్దరోడ్డెక్కి, ఒక వేగం దగ్గర స్థిరపడి, పెడలు మీద కాలు కదలకుండా పోతున్నప్పుడు లోపల గూమని ఒక మోత పుడుతుంది. బయట నిలబడ్డవాడికి అది తెలియదు. లోపలున్నవాడి తలలో దూరి కూర్చుంటుంది, దవడలు పీకుతాయి, కాసేపటికి కడుపులో తిప్పుతుంది. దాన్ని మింగడానికి పెద్ద గొట్టానికి పక్కగా ఒక చిన్న గొట్టం అతుకుతారు. చిన్నదాని ఒక కొస మూసేసి, పెద్దదానికి కన్నం పెట్టి, రెండో కొసని ఆ కన్నం మీద కూర్చోబెడతారు. మోత అందులోకి పోయి, మూసిన కొసకి కొట్టుకుని, తిరిగొచ్చి తనని తానే చంపుకుంటుంది. మేస్త్రి దాన్ని మూగగొట్టం అంటాడు. దాని పొడవు ఏ కారుకి ఆ కారే. అందుకని అతనికో నియమం ఉంది. ముందు అన్నీ వెల్డింగు చుక్కలు వేసి పైపైన అతికి, కారు యజమానిని లోపల కూర్చోబెట్టి, అద్దాలు మూయించి, పెద్దరోడ్డు మీద తిప్పించి, ఆ తర్వాతే గట్టి వెల్డింగు. చాలామంది కారు వెనక నిలబడి, ఫోన్లో వీడియో తీసుకుని, అదిరిందనేసి చక్కా పోదామనుకుంటారు. కారు కొన్నవాడివి దాని వెనకాల పరిగెడతావా, లోపల కూర్చుంటావా అని మేస్త్రి వాళ్ళని దాదాపు మెడపట్టి లోపలికి తోస్తాడు.

అతని చెవి పోయింది కూడా పనిలోనే. అప్పట్లో బావా తనూ ఒకే షెడ్డు. గొట్టంలో పొగ ఎక్కడ కారుతోందో పట్టుకోవాలంటే, ఒక రబ్బరు పైపు కొస చెవిలో పెట్టుకుని రెండో కొసని అతుకుల దగ్గర తిప్పుతూ వినేవాడు. ఆ రోజు పై నుంచి పిలిస్తే ఎక్కొచ్చి మాట్లాడి, మళ్ళీ గోతిలోకి దిగి, పైపు ఎడమ చెవిలో పెట్టుకున్నాడు. సైలెన్సర్ ఊడదీసి ఉంది. పైపు కొస సరిగ్గా ఆ తెరిచిన మూతి దగ్గరుంది. పైన కారు తెచ్చిన పార్టీ ఎవరో నిలబడి చూస్తున్నారు. వాళ్ళ ముందు గొప్పకి యాక్సిలరేటరు అడుగంటా పడింది.

మేస్త్రి గోతిలోంచి పాక్కుంటూ పైకొచ్చేసరికి బావ డ్రైవరు తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేనే తొక్కాను బావా, నువ్వు దిగావని చూసుకోలేదన్నాడు. అని నవ్వాడు. ఆ మాటలు మేస్త్రికి తర్వాత ఎవరో చెబితే తెలిశాయి, అప్పుడు మాత్రం పెదాల కదలికా ఆ నవ్వూ కనపడ్డాయి. చెల్లెలు అప్పటికింకా కొత్త పెళ్ళికూతురు, గోడవారన నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తోంది. పిచ్చితల్లి, నాకోసం ఎంత ఏడుస్తోందో అనుకున్నాడు. క్షమించమన్న మాట బావ నోట ఆ రోజు రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

కుడి చెవి కోలుకుంది. ఎడమ చెవిలో జోరీగ దూరింది. డాక్టర్లు చూశారు, చుక్కలు వేశారు, అలవాటు చేసుకోమన్నారు. బావ మాత్రం ఏడాది తిరక్కుండా మెయిన్ రోడ్డు మీద అద్దాల షోరూము తెరిచాడు. రెడీమేడ్ సైలెన్సర్లు చెప్పుల కొట్లో చెప్పుల్లాగా వరసగా పేర్చిన షోరూము. మా బావకి చెవుడు పాపం, సౌండు సెట్ చేసే పని ఆయన వల్ల ఏమవుతుందని వచ్చినవాడికల్లా జాలిగా చెప్పాడు. ఆ జాలితోనే మంచి పార్టీలనన్నిటినీ లాగేసుకున్నాడు. మేస్త్రికి మిగిలినవి తుప్పుపట్టిన వ్యానులూ, దారి తప్పి వచ్చిన ఒకటో అరో స్పోర్ట్స్ కారూ.

అప్పట్నుంచీ మేస్త్రి బావని తిట్టుకోని రోజు లేదు. గొట్టం కోస్తూ తిడతాడు, అతుకుతూ తిడతాడు, అన్నం ముందు కూర్చుని తిడతాడు. జోరీగ మీ చెవిలో ఉంటే మీరు నా చెవిలో ఉన్నారు అని భార్య విసుక్కునేది. ఆమెకి తెలియనిది ఒకటుంది. మేస్త్రికి బావ చెవి పోవాలని లేదు, షోరూము తగలబడాలనీ లేదు. ఆగకుండా మోగే మోత ఒకటి వాడి తలలోకి దూరాలి. వాడు తన దగ్గరికొచ్చి, భరించలేకపోతున్నాను బావా అనాలి. అప్పుడు తను నవ్వాలి. ఆ నవ్వు ఎలా నవ్వాలో కూడా మేస్త్రి అద్దం ముందు చూసుకున్నాడు.

అలాంటి మేస్త్రి షెడ్డు ముందుకి ఒక పొద్దున బావ ఎర్రటి రెండు సీట్ల కారేసుకుని వచ్చి ఆగాడు. నేలకి జానెడెత్తున ఉంది. గడప దాటుతుంటే దాని పొట్ట గీసుకుంది. ఆ చప్పుడుకి మేస్త్రి మనసు కొంచెం చల్లబడింది. పక్క సీట్లోంచి చెల్లెలు దిగింది, అన్నయ్యకేసి చూసీ చూడనట్టు నవ్వి గోడవారకి పోయి నిలబడింది. బావ పనిగట్టుకుని మేస్త్రి కుడివైపుకి చుట్టూ తిరిగి వచ్చి, బాగున్నావా బావా అని అడిగాడు. ఆ మర్యాదకే మేస్త్రి అరికాలి మంట నెత్తికెక్కింది.

కథ ఏమిటంటే, బావ తన షోరూములోని సైలెన్సర్లు ఒకదాని తర్వాత ఒకటి ఈ కారుకి వేసి చూశాడు. వేసినదల్లా అయితే బొబ్బ పెడుతోంది, లేకపోతే మూలుగుతోంది. అపార్టుమెంటులో పసిపిల్లల తల్లులంతా కలిసి మీద పడ్డారు. ఇంకోసారి ఆ చప్పుడుతో వస్తే గేటు తియ్యబోమని అసోసియేషను వాళ్ళు మొహం మీదే చెప్పేశారు. సైలెన్సర్ల షోరూము ఓనరు కారు సొంత ఇంటి గేటు బయట ఆగిపోతే ఊళ్ళో ఇంకేం పరువు.

"ఎలా కావాలో చెప్పు బావా" అన్నాడు మేస్త్రి. గొంతులో తేనె పోశాడు.

"వెనక నిలబడితే గుండెల మీద గుద్దినట్టుండాలి. గేటు దగ్గర పిల్లిలా పోవాలి."

"లోపల?"

"లోపలిదేముంది, నువ్వు వేసేది నాకు తెలీదా? మూగగొట్టం మాత్రం మర్చిపోకు బావా."

మర్చిపోతాడా. గదుల సైలెన్సర్ ఒకటి, గాజునూలుది ఒకటి ముందూవెనకా జోడించి, మధ్య గొట్టం ఎంత లావుండాలో చూసుకుని, రెండ్రోజులు కుదురుగా కూర్చుని చేశాడు. మూగగొట్టం కూడా కోశాడు, వెంట్రుకవాసి తేడా లేకుండా. కొస మూశాడు. పెద్దగొట్టం మీద కన్నం పెట్టాల్సిన చోట సుద్దతో గుర్తు పెట్టి, డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఎడమ చెవిలో జోరీగ గొంతు పెంచింది, లేక అతనికలా అనిపించింది. డ్రిల్లు కింద పెట్టేశాడు. కన్నం లేని గొట్టం మీద మూగగొట్టాన్ని కూర్చోబెట్టి, చుట్టూ వెల్డింగు చేసేశాడు. అంత అందమైన అతుకు అతను జన్మలో వెయ్యలేదు. పైనించి చూస్తే సాక్షాత్తూ మూగగొట్టమే. అది మాత్రం గాలి కూడా మింగదు.

బావ వచ్చి, కారు కిందికి ఫోను లైటు వేసి చూసి, మూగగొట్టాన్ని వేలితో తట్టి తృప్తిపడ్డాడు. తర్వాత మేస్త్రి చేత స్టార్టు చేయించి కారు వెనక నిలబడ్డాడు. చెల్లెలు అతనికెదురుగా గోడవారన చేతులు కట్టుకుని నిలబడింది. ఇంజను మోగింది, నిజంగానే గుండెల మీద గుద్దినట్టు మోగింది. చెల్లెలు చేతులు విప్పింది. అదిరింది బావా అన్నాడు బావ. లోపల కూర్చుని పెద్దరోడ్డెక్కి చూడమని మేస్త్రి అనలేదు. ఇన్నేళ్ళలో ఆ మాట అనకుండా పంపిన మొదటి పార్టీ ఇతనే. వాడి చెవిలో పువ్వు పెట్టి పంపించానని ఆ సాయంత్రం భార్యతో చెప్పి, అన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

ఇక ఎదురుచూడటం మొదలుపెట్టాడు. ఫోను మోగినప్పుడల్లా గొంతు సవరించుకున్నాడు. బావ దగ్గర్నుంచి కబురు లేదు. రోజులు గడిచాయి. తలనొప్పిగా ఉంది బావా అన్న కబురు రాలేదు సరికదా, ఎర్రకారు సౌండు విని వచ్చామంటూ కొత్త పార్టీలు రావడం మొదలైంది. బావ షోరూము ముందు ఆ కారు వీడియో తీసి, ఇది మా ఒంటిచెవి మేస్త్రి చేతి పని అని ఊరంతా చూపిస్తున్నాడట. మేస్త్రికి పిచ్చెక్కినట్టయింది. వాడి కొంప ముంచుదామని చేసిన పని వాడికి కిరీటమై కూర్చుంది, పైగా తన పాడుపేరుకి ఇంకాస్త ప్రచారం.

ఉండబట్టలేక ఒకరోజు షోరూముకి తనే వెళ్ళాడు. సైలెన్సర్ సర్దుకున్నాక ఒకసారి చూడాలి బావా, అలా పెద్దరోడ్డు దాకా పోయొద్దామన్నాడు. వాడి మొహం దగ్గరుండి చూడాలి, అంతే అతని కోరిక.

ఊరు దాటారు. అద్దాలు మూశారు. కారు వేగం అందుకుని స్థిరపడింది. గూమని మోత లేచింది. మేస్త్రి అనుకున్నదానికంటే ఘోరంగా లేచింది. కుడి చెవి నిండిపోయింది. ఎడమ చెవిలో జోరీగ, కుడి చెవిలో ఇది. పళ్ళు జివ్వుమన్నాయి. కడుపులో పొద్దున తాగిన టీ పైకి కిందకి ఆడింది. పక్కకి తిరిగి బావ మొహం చూశాడు. బావ ఈల వేస్తున్నాడు. వీపు సీటుకి ఆనించి, కళ్ళు సగం మూసి, ఉయ్యాలలో వేసిన పసిపిల్లాడిలా ఊగుతున్నాడు.

"ఎన్నాళ్ళకెన్నాళ్ళకి ఒక కారు సౌండు ఒంట్లోకి దిగింది బావా" అన్నాడు. "వీపులోంచి వినపడుతోందనుకో."

ఇద్దరి మధ్యా పెట్టిన ఫోను అప్పుడే మోగడం మొదలెట్టింది. గట్టిగా మోగింది. బావ చెయ్యి దాని మీదికి పోలేదు. మేస్త్రి ఫోను వంక చూశాడు, బావ వంక చూశాడు. మొహం కిటికీ వైపు తిప్పుకుని, ఇన్నేళ్ళుగా దాచుకున్న ఒక పచ్చిబూతు మామూలు గొంతుతో తిట్టాడు. బావ ఈల ఆగలేదు. మేస్త్రి ఇంకోటి తిట్టాడు, ఈసారి బావ వంశం మొత్తాన్ని కలుపుకుని. ఈల హాయిగా సాగిపోయింది.

వీడికి చెవుడు. ఎదురుగా ఉన్నవాళ్ళ పెదాలు చూసి మాటలు పట్టుకుంటున్నాడన్నమాట. తన ఒక చెవి గురించి ఊరంతా టాంటాం వేసినవాడికి రెండు చెవులూ అంతంతమాత్రమే. మోతని మోతగా వినలేడు, సీటు అదురు వీపుకి తగులుతుంటే అదే గొప్ప సంగీతమనుకుంటున్నాడు. మరి షోరూములో రోజూ సౌండులు విని ఇది బాగుంది, అది బాగాలేదని తీర్పులు ఎలా చెబుతున్నాడు? మేస్త్రికి గోడవారన చేతులు కట్టుకుని నిలబడ్డ చెల్లెలు గుర్తొచ్చింది. ఎప్పుడూ మొగుడికి ఎదురుగానే నిలబడుతుంది. చేతులు కట్టుకుంటే బాగాలేదు, విప్పితే అదిరింది. వాడి చెవులు దాని చేతుల్లో ఉన్నాయి.

కడుపులో తిప్పుతున్నా మేస్త్రికి ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. దిగేటప్పుడు బావే స్వయంగా పిలిచాడు, ఆదివారం షోరూము ముందు స్పోర్ట్స్ కార్ల వాళ్ళంతా చేరుతున్నారు, ఏ కారు సౌండు బాగుందో నన్నే చెప్పమన్నారు, నువ్వూ రా బావా అని. రాకుండా ఎలా ఉంటాను అన్నాడు మేస్త్రి.

ఇంటికొచ్చి భార్యకి అంతా చెప్పాడు. ఆదివారం అందరి ముందూ జేబురుమాలు తీసి, కళ్ళకి గంతలు కట్టుకుని చెప్పు బావా, సరదాగా ఉంటుంది అంటాడు. కట్టుకోనంటే ఎందుకు కట్టుకోవని పార్టీలే అడుగుతారు. కట్టుకుంటే ఇక చెప్పేదేముంది, మర్నాటి నుంచి ఆ షోరూములో ఈగలు తోలుకోవాలి. కన్నం పెట్టని సంగతి కూడా ఆ ఊపులో చెప్పేశాడు. భార్య విని ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే ఫోను దగ్గరికి వెళ్ళబోతోందని అర్థం, ఇన్నేళ్ళ కాపురంలో మేస్త్రి అది నేర్చుకోలేదు.

శనివారం మధ్యాహ్నం ఎర్రకారు షెడ్డు ముందు ఆగింది. చెల్లెలు ఒక్కతే దిగింది. స్టూలు లాక్కుని కూర్చుని, రెండు చేతులతో కణతలు నొక్కుకుంది. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. మేస్త్రి పని చేస్తున్నట్టు నటించాడు.

"రేపు రావద్దన్నయ్యా" అంది. "వదిన అంతా చెప్పింది."

మీ ఆయన పిలిచాడు, నేనొస్తున్నాను, మధ్యలో నువ్వెవరన్నాడు మేస్త్రి. ఆమె తను రోజూ పొద్దునా సాయంత్రం ఈ కార్లోనే, అద్దాలు మూసుకుని, పెద్దరోడ్డు మీంచే షోరూముకి వెళ్ళొస్తున్నానని చెప్పింది. దిగగానే తల పగిలిపోతోందనీ, తిన్నది ఇమడటం లేదనీ చెప్పింది. ఫిర్యాదులా చెప్పలేదు, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. మేస్త్రి చేతిలో రెంచి ఆగిపోయింది. ఇన్ని లెక్కలు వేసుకున్నవాడికి పక్క సీటులో ఎవరు కూర్చుంటారన్నది తట్టనే లేదు.

"నీకు తెలిసిందా?"

"మొదటి రోజే. పొడవు తప్పుగా కోసే మనిషివి కాదు నువ్వు. కన్నమే పెట్టలేదని అర్థమైంది."

"మరి మీ ఆయనకి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? మోత ఉందంటే, తనకది మోతలా ఎందుకు లేదని అడుగుతారు. ఆయన చెవుల సంగతి నాకు తెలుసని కూడా ఆయన ఒప్పుకోరు. ఆయన ఒంటికి అందుతున్న సౌండు ఇదొక్కటే అన్నయ్యా. ఆ రోజు ఇంటికొచ్చి పిల్లాడిలా సంబరపడ్డారు."

మేస్త్రికి మళ్ళీ ఒళ్ళు మండింది. సంబరపడ్డాడట. వాడు నా చెవి తీశాడు, తీసి నవ్వాడు, ఊరంతా తిరిగి నన్ను చెవిటివాణ్ణి చేశాడు, రేపు నేను చెప్పేది నిజమే కదా, వాడు నాకు చేసిందే నేను వాడికి చేస్తున్నాను అన్నాడు. అంటూ అంటూ గొంతు పెరిగి, అరుపైంది. టైర్ల కొట్టువాడు సందులోంచి తొంగి చూసి వెళ్ళిపోయాడు.

చెల్లెలు లేచి అతని కుడివైపుకి వచ్చి నిలబడింది.

"నీ చెవి తీసింది ఆయన కాదన్నయ్యా. ఆ రోజు సీట్లో ఉంది నేను."

అక్కడితో ఆపలేదు. ఒకసారి మొదలుపెట్టాక ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. కొత్తగా డ్రైవింగు నేర్చుకుంటోంది. పార్టీ ముందు, మా ఆవిడ కూడా స్టార్టు చేస్తుంది చూడండని మొగుడు సరదాకి సీట్లో కూర్చోబెట్టాడు. అన్నయ్య పైకొచ్చి మాట్లాడటం చూసింది, మళ్ళీ దిగడం చూడలేదు. ఊరికే స్టార్టు చెయ్యవే అంటే, గొప్ప చూపిద్దామని నవ్వుతూ అడుగంటా తొక్కింది. గోతిలోంచి కేక వినపడగానే మొగుడు ఆమెని బయటికి లాగి, గోడవైపు నెట్టి, తను తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ నవ్వు కంగారులో వచ్చిన వెర్రినవ్వు.

"అన్నయ్య నన్ను చంపేస్తాడని ఏడిస్తే, నేనే తొక్కానని చెప్పానులే, నన్నే తిట్టుకుంటాడు, రెండ్రోజుల్లో మర్చిపోతాడన్నారు."

రెండ్రోజులు. మేస్త్రి గొట్టాల వరస వంక చూస్తూ నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి అన్నం ముందు కూర్చుని తిట్టిన తిట్లన్నీ ఒకదాని వెనక ఒకటి వెనక్కి వస్తున్నట్టు అనిపించింది. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఒంటిచెవి మేస్త్రి అని పేరు పెట్టింది?" అని అడిగాడు.

"అది ఆయనే."

"నా పార్టీల్ని లాక్కుంది?"

"అదీ ఆయనే. నేను వద్దని చెప్పినా వినలేదు."

హమ్మయ్య అనుకున్నాడు మేస్త్రి. పట్టుకోవడానికి ఏదో ఒకటి మిగిలింది.

చెల్లెలు కళ్ళు తుడుచుకుని, ఈ మోత తనకే పడాల్సింది, అడ్రసు చూసుకున్నట్టు సరిగ్గా తన మీదే పడింది, ఉండనీ అంది. రేపు మాత్రం ఆయన్ని నలుగురిలో పెట్టొద్దంది. మేస్త్రి తాళం లాక్కుని, కారుని గోతి మీదికి ఎక్కించాడు. కిందికి దిగి, గ్రైండరు పెట్టి, తను జన్మలో వెయ్యనంత అందంగా వేసిన ఆ అతుకుని చుట్టూ కోసి పారేశాడు. మూగగొట్టం ఊడి చేతిలోకొచ్చింది. డ్రిల్లు అందుకున్నాడు.

చెల్లెలు గోతి అంచున మోకాళ్ళ మీద కూర్చుని కిందికి వంగింది.

"వద్దన్నయ్యా. కన్నం పెడితే ఆయనకిక ఏమీ మిగలదు."

"తెలుసు."

"తెలిసే చేస్తున్నావా?"

"తప్పు వాడు మీద వేసుకున్నాడుగా. శిక్ష కూడా మొయ్యనీ."

డ్రిల్లు గొట్టంలోకి దిగింది. ఇనుప రజను అతని మోచేతుల మీద రాలింది. చెల్లెలు ఇంకా ఏదో అంటూనే ఉంది. మేస్త్రి ఆ చప్పుడులో విననూ లేదు, ఆపనూ లేదు. కన్నం అంచులు ఆకురాయితో నున్నగా రుద్ది, మూగగొట్టాన్ని దాని మీద కూర్చోబెట్టి, చుక్కలు వేశాడు. తర్వాత చెల్లెల్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుని, అద్దాలు మూయించి పెద్దరోడ్డెక్కించాడు. కారు వేగం అందుకుని స్థిరపడింది. మోత లేదు. చెల్లెలి భుజాలు కిందికి దిగాయి, దవడ వదులైంది. ఆమె ఏడుస్తూనే బండి నడిపింది.

షెడ్డుకొచ్చాక గట్టి వెల్డింగు చేసి తాళం ఆమె చేతిలో పెట్టాడు. రేపు నేను రానని మీ ఆయనకి చెప్పు అన్నాడు. సైలెన్సర్ కాస్త సర్దానని చెప్పు, అంతకంటే ఏమీ చెప్పకు అన్నాడు. ముఖ్యంగా నాకు నిజం తెలిసిందని చెప్పకు అని మళ్ళీ మళ్ళీ అన్నాడు. ఎందుకని ఆమె అడిగింది.

"నీ మీద కోపం కొత్తగా ఎక్కణ్ణించి తెచ్చుకోను? ఉన్నది వాడి మీదే ఉంది. అక్కడే ఉండనీ."

ఎర్రకారు గడప మీద పొట్ట గీసుకుంటూ బయటికి పోయింది, టైర్ల కొట్టు దాటి సందు మలుపు తిరిగింది. సాయంత్రానికి బావ ఎక్కుతాడు, వీపు సీటుకి ఆనించుకుంటాడు, పెద్దరోడ్డెక్కుతాడు, ఏదో పోయిందని వెతుక్కుంటాడు. ఏం పోయిందో ఎవరినీ అడగలేడు. దాన్ని తలుచుకుని మేస్త్రి, ఎప్పట్నుంచో సిద్ధం చేసుకున్న ఆ నవ్వు నవ్వబోయాడు. రాలేదు. సరే అని నోరారా ఒక తిట్టు తిట్టాడు, ఎప్పుడూ తిట్టేదే. అందులో మునుపటి పస లేదు. పాడువెధవ, ఇంతకాలం చెల్లెల్ని కాపాడుతూ వచ్చి ఆఖరికి తిట్టుకోవడానికి కూడా లేకుండా చేశాడు. దానిక్కూడా మేస్త్రి బావనే తిట్టుకున్నాడు.